జనగామ టు మాదాపూర్: నా అప్ అండ్ డౌన్ అనుభవం

జనగామ నుంచి మాదాపూర్‌కి రోజూ అప్ అండ్ డౌన్ చేస్తానని చెబితే హైదరాబాద్ వాళ్లు "అంత దూరమా!" అని నోరెళ్లబెడతారు. మా ఊరివాళ్లు మాత్రం "ఏ బండికి పోతవ్?" అని అడుగుతారు. మొదలుపెట్టేముందు నేనూ దూరం గురించే భయపడ్డాను. జనగామ నుంచి సికింద్రాబాద్‌కి రైల్లో సుమారు 85 కిలోమీటర్లు, గంటన్నరకి కాస్త అటూ ఇటూ పడుతుంది. సికింద్రాబాద్‌లో దిగిన దగ్గర్నుంచి మాదాపూర్‌లో నా కుర్చీలో కూర్చునేదాకా ఉన్న దూరం అందులో అయిదో వంతు ఉంటుందేమో. దానికీ గంట పైనే పడుతుంది. మనిషిని పిండేసేది ఆ రెండో ముక్కే.

నేనొక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇదివరకు హన్మకొండ బ్రాంచిలో ఉండేదాన్ని, బస్సులో వెళ్లొచ్చేదాన్ని. ఆ బ్రాంచి ఎత్తేసి మాలో కొందరిని మాదాపూర్ ఆఫీసుకి రమ్మన్నారు. జీతం పెంచారు గానీ హైదరాబాద్‌లో కాపురం పెట్టేంత పెంచలేదు. మా ఆయనకి జనగామలో ఎరువుల దుకాణం ఉంది. బాబు ఏడో తరగతి. అత్తమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇల్లు సొంతం. వారమంతా అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో ఉండి శనివారం వచ్చేద్దామా అని ఓ రోజు వెళ్లి చూశాను. ఒక గదిలో నలుగురు, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. అక్కడున్న అమ్మాయి ఒకతి నన్ను చూసి, "ఆంటీ, మీ అమ్మాయిని చేర్పించడానికొచ్చారా?" అంది. హాస్టల్ ముచ్చట అంతటితో సరి.

మా వీధి చివరింటి అక్క ఏళ్ల తరబడి సికింద్రాబాద్‌లో ఉద్యోగానికి రైల్లో వెళ్లొస్తోంది. ఆమె దగ్గరికి పోయి బండ్ల టైములు రాసివ్వమన్నాను. రాసివ్వలేదు. "ముందుగాల బండి టైం చూడకు. మీ ఆఫీసుల వేలు వెట్టే టైం ఎంత? ఆడికెళ్లి ఎన్కకు లెక్కవెట్టు" అంది.

ఆ రాత్రి ఇద్దరం మా ఇంటి గచ్చు మీద కూర్చుని వెనక్కి లెక్కపెట్టాం. ఆఫీసులో బయోమెట్రిక్ తొమ్మిదిన్నరకి. మాదాపూర్ మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసుకి నడక పావుగంట, ఎండాకాలం అయితే అదే పావుగంటకి షేర్ ఆటో కోసం ఎదురుచూడాలి. మెట్రోలో నలభై నిమిషాలు. సికింద్రాబాద్ ప్లాట్‌ఫామ్ మీద దిగి, జనంతో పాటు బ్రిడ్జి ఎక్కి దిగి, బయటికొచ్చి, సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రోలో బ్యాగు స్కానింగుకి పెట్టి పైకి చేరేసరికి ఇంకో పావుగంట. అంటే ఎనిమిదీ ఇరవై లోపు సికింద్రాబాద్‌లో కాలు పెట్టాలి. దానికి సరిపోయేది పొద్దున్నే కాజీపేట వైపు నుంచి వచ్చే పుష్‌పుల్ ప్యాసింజర్ బండి. అదెక్కాలంటే ఆరున్నరకల్లా ఇంట్లోంచి కదలాలి. ఆరున్నరకి కదలాలంటే అయిదింటికి ముందే పొయ్యి వెలగాలి. ఇదంతా కాగితం మీద పెట్టాక మా ఆయన చూసి, "రైలు కంటే నీ వంటే ఎక్కువ టైం తింటోంది" అన్నాడు. ఆ రోజు నుంచి బాబు టిఫిన్ డబ్బా కట్టే పని ఆయనదే అయింది. ఈ అప్ అండ్ డౌన్ వల్ల మా ఇంటికి జరిగిన లాభాల్లో నేను మొదట చెప్పేది ఇదే.

ఇక సీజన్ టికెట్. రోజూ లైన్లో నిలబడి టికెట్ కొనేవాళ్లని చూస్తే ఇప్పుడు నాకు జాలేస్తుంది. సీజన్ అంటే నెల రోజులు రెండు స్టేషన్ల మధ్య ఎన్నిసార్లయినా తిరగడానికి ఇచ్చే పాసు. 150 కిలోమీటర్ల దూరం దాకానే ఇస్తారు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట 132, వరంగల్ 142 కిలోమీటర్లు కాబట్టి వాళ్లూ ఈ లెక్కలోకి వస్తారు. వరంగల్ నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు మా బండిలోనే ఉన్నారు. వాళ్ల ముందు నేను ఇబ్బంది పడుతున్నానని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఖమ్మం వాళ్లకి మాత్రం ఆ వీలు లేదు.

ఫోటో, ఆధార్ జిరాక్స్ పట్టుకుని జనగామ స్టేషన్ కౌంటర్‌కి వెళ్లాను. లోపలాయన, "సాదాదా, సూపర్‌ఫాస్ట్‌దా?" అన్నాడు. నేను తెల్లమొహం వేస్తే వెనకాల నిలబడ్డ కాలేజీ పిల్లాడు చెప్పాడు: బండి నంబరు 17తో మొదలైతే మామూలు ఎక్స్‌ప్రెస్, 12తో మొదలైతే సూపర్‌ఫాస్ట్. భాగ్యనగర్, గోల్కొండ, కృష్ణా ఇవన్నీ 17 నంబరువే, సాదా సీజన్‌తో ఎక్కొచ్చు. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే దానికి వేరే చార్జీ కలిపి తీసుకోవాలి. నాకు పుష్‌పులే ఆధారం కాబట్టి సాదాది తీసుకున్నాను. నెలకి అయిదు వందల లోపే. పాసు అయిపోవడానికి పది రోజుల ముందు నుంచే రెన్యువల్ చేస్తారు, చివరి రోజుదాకా ఆగి టెన్షన్ పడక్కర్లేదు. మూడు నెలలది తీసుకుంటే నెలదానికి 2.7 రెట్లే పడుతుంది. కాకపోతే ఒకసారి తీసుకున్నాక మానేసినా డబ్బు తిరిగి రాదు. ఇప్పుడు ఫోన్లో రైల్వే వాళ్ల రైల్‌వన్ యాప్‌లోనే తీసుకుంటున్నాను. ఒక్క సంగతి మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. సీజన్ జనరల్ బోగీలకే. ఖాళీగా ఉంది కదా అని స్లీపర్‌లో కూర్చుంటే టీసీ ఫైన్ రాస్తాడు. మన దగ్గర పాసు ఉందన్న మాట ఆయన చెవికెక్కదు.

"ఆడోళ్లకి బస్సు ఫ్రీ కదా, రైలుకి డబ్బులెందుకు తగలేస్తున్నవ్?" అని మా చుట్టాల్లో అడగనివాళ్లు లేరు. నిజమే. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తాడు. నేనూ మొదటి వారంలో బస్సు ప్రయత్నించాను. జనగామలో ఎక్కేసరికే హన్మకొండ నుంచి నిండిపోయి వస్తుంది. సూపర్ లగ్జరీ, రాజధాని ఎక్కితే సీటు దొరుకుతుంది కానీ వాటికి డబ్బులు కట్టాలి. ఘట్‌కేసర్ దాకా బానే వస్తుంది. ఆ తర్వాత నారపల్లి నుంచి ఉప్పల్ దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. ఆ స్తంభాల కింద బస్సు పాకుతుంటే మనం గడియారం వైపు చూడకుండా ఉండలేం. బస్సు ఎప్పుడు చేరుతుందో డ్రైవర్‌కే తెలియదు. రైలు లేటైతే ఎంత లేటో కనీసం తెలుస్తుంది. రోజూ తిరిగేవాళ్లకి డబ్బు ఆదా కంటే ఆ తెలియడమే ముఖ్యమని నా అభిప్రాయం. అయినా బస్సుని తీసిపారెయ్యను. దాని అవసరం ఎక్కడొచ్చిందో తర్వాత చెబుతాను.

రైల్లో నేర్చుకోవాల్సిన మొదటి విద్య ఎక్కడ నిలబడాలో. నేను వెళ్లి ప్లాట్‌ఫామ్ మధ్యలో, గడియారం కింద నిలబడ్డాను. ఎవరో వెనక నుంచి, "చెల్లె, ఆడ నిలవడితె మొగోళ్ల బోగీ వస్తది. ఇటు రా, ఈ యాపచెట్టు కాడికి" అని పిలిచింది. చెట్టుకి ఎదురుగా సరిగ్గా లేడీస్ బోగీ తలుపు వచ్చి ఆగింది. ఎక్స్‌ప్రెస్ బండ్లలో అయితే అది గార్డు పెట్టెని ఆనుకుని, చివర ఉంటుంది. పరిగెత్తి వెళ్లేసరికి బండి కదిలిపోతుంది, ఎందుకంటే జనగామలో ఆగేది ఒకటి రెండు నిమిషాలే. ప్రతి స్టేషన్లోనూ ఇలాంటి గుర్తులుంటాయి. ఆలేరులో ఒక బెంచి, భువనగిరిలో నీళ్ల కుళాయి. ఇవి ఏ యాప్‌లోనూ ఉండవు.

రెండో విద్య సీటు. లేడీస్ బోగీలో ఖాళీ సీటంటూ ఉండదు, "జర జరుగు" ఉంటుంది. నలుగురు కూర్చునే బల్ల మీద అయిదో మనిషిగా అంచున కూర్చుంటాం, పెంబర్తి దాటేసరికి బండి ఊపుకి అందరూ సర్దుకుని మనకి చోటొస్తుంది. ఎవరూ రాయని ఒక పద్ధతి ఉంది: కాజీపేట, ఘన్‌పూర్ నుంచి కూర్చుని వచ్చినవాళ్లు భువనగిరి దాటాక లేస్తారు, అక్కడ ఎక్కి నిలబడ్డవాళ్లని కూర్చోబెడతారు. అందరూ లేవరు. లేవని ఒకావిడ ఉంది, కళ్లు మూసుకుని నిద్ర నటిస్తుంది. ఘట్‌కేసర్‌లో పల్లీలమ్మే పిల్లాడు ఎక్కగానే మాత్రం కళ్లు తెరుస్తుంది. ఆమె పేరు చెప్పను, ఇది చదివే అవకాశం ఉంది.

పొద్దున బండిలో ఉద్యోగాలవాళ్లు ఎంతమందో, సరుకుతో వచ్చేవాళ్లూ అంతమంది. ఆకుకూరల మూటలు, పూల గంపలు, చలికాలం మొదట్లో సీతాఫలాలు. కూరగాయలు మోండా మార్కెట్‌కి పోతాయి. బతుకమ్మ రోజుల్లో చూడాలి. తంగేడు, గునుగు కట్టలు కట్టలుగా తలుపు దగ్గర పేర్చేస్తారు, బోగీ అంతా పచ్చి ఆకు వాసన. సిటీలో ఆ కట్టకి ఎంత పలుకుతుందో విని మాకే ఆశ్చర్యం, మా చేలగట్ల మీద ఊరికే పెరిగేది కదా. ఓసారి తంగేడు కట్ట నా లంచ్ బ్యాగు మీద పడి పసుపు పుప్పొడి అంతా చున్నీకి అంటింది. అలాగే ఆఫీసుకి వెళ్లాను. మా టీమ్‌లో ఒకమ్మాయి హల్దీ ఫంక్షనా అని అడిగింది.

మా బ్యాచ్ సంగతి చెప్పకపోతే వాళ్లు ఊరుకోరు. కోర్టులో టైపిస్టు, ఇద్దరు నర్సులు, ఒక బట్టల షాపు సేల్స్ అమ్మాయి, డిగ్రీ చదివే పిల్లలు, ఇంకా ఆ చివరింటి అక్క. వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున ఆరింటి నుంచే మెసేజులు: "కాజీపేట తీసిండు", "ఘన్‌పూర్ దాటింది", "రఘునాథపల్లిల లూప్‌లైన్‌ల వెట్టిండు, మెల్లగ రండి". లూప్‌లైన్ అంటే వేరే బండికి దారివ్వడానికి మా బండిని పక్క పట్టాల మీద ఆపడం. ఈ మెసేజ్ వస్తే నేను ఇంకో చపాతీ కాలుస్తాను. 'వేర్ ఈజ్ మై ట్రైన్' యాప్ కూడా చూస్తాం, కానీ ఘన్‌పూర్‌లో ఎక్కే నర్సు మాటే మాకు వేదం. బ్యాచ్‌లో ఒక చిట్టీ కూడా నడుస్తోంది. నెల మొదటి వారంలో బీబీనగర్, ఘట్‌కేసర్ మధ్య చిట్టీ వేలం పాట పాడతారు. సంక్రాంతి ముందు సకినాలు, వానాకాలంలో సర్వపిండి ఎవరో ఒకరు తెస్తారు. అందరితో నాకు పడుతుందని కాదు. ఫోన్ స్పీకర్లో పెట్టి సీరియల్ చూసే ఇద్దరితో ఇప్పటికీ మాటల్లేవు. అయినా ఒకసారి జ్వరం వచ్చి నేను రాకపోతే, సికింద్రాబాద్ చేరేలోపు ముగ్గురు ఫోన్ చేశారు. మా ఆఫీసు నుంచి మధ్యాహ్నం ఒక మెయిల్ వచ్చింది, లీవు అప్లై చెయ్యలేదని.

చివరింటి అక్క 2020 సంగతి చెబుతుంటుంది. మార్చిలో లాక్‌డౌన్‌తో రైళ్లన్నీ ఆగిపోయాయి. ఎక్స్‌ప్రెస్‌లు ఒక్కొక్కటే మొదలైనా, ఇలాంటి చిన్న బండ్లూ సీజన్లూ తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. ఆఫీసులు మాత్రం అంతకుముందే పిలిచాయి. ఆ రోజుల్లో నలుగురు కలిసి కారు మాట్లాడుకుని తిరిగారట, జీతంలో పెద్ద ముక్క దానికే పోయేదట. కొందరు ఉద్యోగాలు మానేశారు. ఆ బ్యాచ్‌లో సగం మంది మళ్లీ రైలెక్కలేదని చెబుతుంది.

ఇప్పుడు ఆ రెండో ముక్క గురించి. సికింద్రాబాద్ చేరేముందు బండి ఊరి బయట సిగ్నల్ కోసం ఆగితే బోగీ అంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. కాజీపేట వైపు లైనుకి పగిడిపల్లి దగ్గర నల్గొండ వైపు నుంచి వచ్చేది కలుస్తుంది. సికింద్రాబాద్‌కి ఇటు నిజామాబాద్ లైను, అటు వాడి లైను కూడా వచ్చి చేరతాయి. పొద్దున పూట అన్నిటికీ ప్లాట్‌ఫామ్ కావాలి. అక్కడ పది నిమిషాలు పోతే నాకు మెట్రోలో పావుగంట పోతుంది. ఎలాగంటే, ఎనిమిదిన్నరకి ముందు మెట్రోలో నిలబడ్డానికైనా చోటుంటుంది. తొమ్మిదికి దగ్గరపడ్డాక అమీర్‌పేటలో మియాపూర్ నుంచి, ఎల్బీనగర్ నుంచి వచ్చేవాళ్లంతా రాయదుర్గం బండి కోసం దిగుతారు. మూడు పెట్టెల బండి. ఆడవాళ్లకి కేటాయించిన భాగంలో కూడా ఊపిరాడదు, బ్యాగు ముందుకి వేసుకుని ఒక చేత్తో లంచ్ బాక్స్ పైకెత్తి పట్టుకోవాలి. మధురానగర్, యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 5, చెక్‌పోస్ట్, పెద్దమ్మగుడి, మాదాపూర్. తలుపు దగ్గరికి జరగడం పెద్దమ్మగుడికి ముందే మొదలెట్టాలి, లేదంటే దుర్గం చెరువు దాకా పోతాం.

అమీర్‌పేట నుంచి హైటెక్‌సిటీ దాకా మెట్రో 2019 మార్చిలో మొదలైంది. అంతకుముందు సికింద్రాబాద్ నుంచి మాదాపూర్‌కి బస్సులో ఎలా పోయేవాళ్లో బ్యాచ్‌లోవాళ్లు చెబుతుంటే, ఆ రోజుల్లో అయితే నేను ఈ ఉద్యోగం ఒప్పుకునేదాన్నే కాదనిపిస్తుంది. కాకపోతే జేబుకి చిల్లు కూడా ఇక్కడే. 2025 మేలో చార్జీలు పెంచారు. పది నుంచి అరవై రూపాయల దాకా ఉండేవి పన్నెండు నుంచి డెబ్భై అయిదయ్యాయి, వారం తిరక్కుండానే కాస్త తగ్గించి పదకొండు నుంచి అరవై తొమ్మిది చేశారు. రైలుకి నెలంతా నేను పెట్టేది ఇక్కడ వారం రోజులకే అయిపోతుంది. పెద్ద ముక్కకి చిన్న ఖర్చు, చిన్న ముక్కకి పెద్ద ఖర్చు. సిటీలో ఉండేవాళ్లకి ఇది తెలియదు, వాళ్లు దూరాన్నే చూస్తారు.

సికింద్రాబాద్ స్టేషన్‌ని కొత్తగా కడుతున్నారు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచాక కొన్ని బండ్లని అటు మార్చారు. చర్లపల్లికి మెట్రో లేదు. అక్కడ దిగితే సిటీ బస్సో ఆటోనో పట్టుకుని ఉప్పల్ దాకానో తార్నాక దాకానో వెళ్లి మెట్రో ఎక్కాలి. కాబట్టి ముందురోజు రాత్రే రేపటి బండి ఎక్కడిదాకా వెళ్తుందో చూసుకుని పడుకుంటాను. ఏదైనా ఎక్స్‌ప్రెస్‌లో రావాల్సి వచ్చినప్పుడు ఇది తప్పనిసరి.

ఆడవాళ్లకి ఇంకో బాధ ఉంది, ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. నీళ్లు. రైల్లో బాత్రూమ్‌కి వెళ్లాలంటే జనాన్ని దాటుకుని పోవాలి, పోయినా లోపల ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. అందుకని బ్యాచ్‌లో చాలామంది పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆఫీసు చేరేదాకా నీళ్లు ముట్టరు. మళ్లీ సాయంత్రం అంతే. ఎండాకాలంలో నాకు ఇన్‌ఫెక్షన్ వచ్చింది. డాక్టరమ్మ ఉద్యోగం ఎక్కడని అడిగి, నేను చెప్పేలోపే, "రైల్లో తిరుగుతున్నావా?" అంది. అలాంటివాళ్లు ఎంతమంది వస్తారో ఆమెకి. ఇప్పుడు లేవగానే రెండు గ్లాసులు తాగేస్తాను, బయల్దేరేలోపు దాని పని అయిపోతుంది. ఆఫీసు చేరగానే సీసా ఖాళీ చేస్తాను. సాయంత్రం బయల్దేరడానికి గంట ముందు ఆపుతాను. దీనికీ వెనక్కి లెక్కపెట్టుకోవడమే.

సాయంత్రం తిరుగు ప్రయాణం పొద్దుటి కంటే కష్టం. పొద్దున ఆలస్యమైతే ఆఫీసులో మాట పడతాం, సాయంత్రం ఆలస్యమైతే బండే పోతుంది. మా మేనేజర్‌కి అయిదింటికి మీటింగు పెట్టే అలవాటు ఉండేది. "ఇంకో పది నిమిషాలే" అంటాడు. ఆ పది నిమిషాలకి నాకు పుష్‌పుల్ పోతుందని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి అర్థమయ్యేది కాదు, ఆయన ఇల్లు కొండాపూర్‌లో. చివరికి ఒకరోజు నా లెక్క కాగితాన్ని, అదే గచ్చు మీద రాసుకున్నదాన్ని, నీటుగా ఎక్సెల్‌లో వేసి మెయిల్ పెట్టాను. ఏ నిమిషానికి లేస్తే ఏ బండి దొరుకుతుంది, అది పోతే ఇంటికి ఎన్నింటికి చేరతాను, మర్నాడు ఎన్నింటికి లేవాలి అని. అకౌంట్స్ వాళ్ల పని ఇలాగే ఉంటుంది మరి. జవాబు రాలేదు కానీ మీటింగులు నాలుగింటికి మారాయి. పొద్దున పావుగంట ముందొస్తాను, సాయంత్రం పావుగంట ముందు పోతాను అని హెచ్‌ఆర్‌తో కూడా మాట్లాడుకున్నాను. దూరం నుంచి వచ్చేవాళ్లు చేరేటప్పుడే ఇది రాతపూర్వకంగా అడగాలి. చేరాక అడిగితే దయ చూపించినట్టు మాట్లాడతారు.

అయినా మార్చి నెలాఖరులో లెక్కలు మూసేటప్పుడు ఎవరి మెయిలూ పనిచేయదు. ఆ రాత్రి ఆఫీసులోంచి బయటపడేసరికే ఎనిమిది దాటింది. అప్పుడు దిక్కయింది ఆ బస్సే. సికింద్రాబాద్‌లో దిగకుండా అదే మెట్రోలో ఉప్పల్ దాకా వెళ్లి, రింగ్ రోడ్డు దగ్గర హన్మకొండ వైపు బస్సుల కోసం నిలబడ్డాను. వచ్చిన ఎక్స్‌ప్రెస్ నిండుగా ఉంది. "అక్కా, ఆధార్ చేత్ల వట్టుకో" అని కండక్టర్ జనంలోంచి అరిచాడు. భువనగిరి దాకా నిలబడ్డాను. అక్కడ ఒక ముసలామె దిగుతూ తన సీటు మీద చెయ్యి పెట్టి, నేను వచ్చి కూర్చునేదాకా తియ్యలేదు. జనగామ బస్టాండులో మా ఆయన బండి మీద ఎదురుచూస్తున్నాడు, బాబుని కూడా తెచ్చాడు, వాడు ట్యాంకు మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. మర్నాడు మళ్లీ పుష్‌పులే. ఇలాంటి రాత్రులు తక్కువే గానీ, ఉప్పల్ దారి ఒకటి ఉందని తెలిసి ఉండటం వల్లే నేను ధైర్యంగా ఉండగలుగుతున్నాను. కొత్తగా తిరిగేవాళ్లు ఎవరైనా ఈ రెండో దారిని ఒకసారి పగటిపూటే వెళ్లి చూసుకోవాలి.

మాకు ఎదురు దిశలో రోజూ తిరిగేవాళ్లూ ఉన్నారు. పొద్దున సికింద్రాబాద్ నుంచి కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో జనగామ వైపు టీచర్లు, బ్యాంకువాళ్లు, కలెక్టరేట్ ఉద్యోగులు వస్తారు. జనగామ 2016లో జిల్లా అయ్యాక వీళ్ల సంఖ్య పెరిగిందని స్టేషన్ ముందు చాయ్ అమ్మే ఆయన అంటాడు. మేం సిటీకి పోయి పని చేస్తాం, వాళ్లు సిటీ నుంచి వచ్చి మా ఊళ్లో పని చేస్తారు. ఇళ్లు మార్చుకుంటే రెండు వైపులా సుఖపడతాం కదా అని మా ఆయన జోక్. ఆ టీచర్లలో ఒకావిడ మా బాబుకి లెక్కలు చెబుతుంది. వాడి మార్కుల సంగతి ఓసారి సికింద్రాబాద్ బ్రిడ్జి మెట్ల మీద ఎదురుపడి మాట్లాడుకున్నాం, ఆమె దిగుతూ నేను ఎక్కుతూ.

ఇప్పుడు ఆఫీసులో వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేసుకోవచ్చని చెబుతున్నారు. ఇంకా కాగితం రాలేదు. వస్తే సీజన్ గిట్టుబాటు అవుతుందా అని లెక్క వేశాను, మూడు రోజులు తిరిగినా రైలుకి సీజనే చౌక, రోజు టికెట్ల కంటే. మెట్రోలో మాత్రం బాగా మిగులుతుంది. అందుకని ఈసారి మూడు నెలలది తీసుకోకుండా నెలదే రెన్యువల్ చేయించాను. చివరింటి అక్క మాత్రం నమ్మలేదు. "ఆఫీసోళ్లు చెప్పుతనే ఉంటరు, నువ్వు చిట్టీ మాత్రం మధ్యల ఇడ్వకు" అంది.